పడవ గురించి రాసినవారు, తెడ్డు పట్టినవారు

గోదావరి మీది పడవల గురించి చాలా పుస్తకాలు ఉన్నాయి. ఇంజనీర్లు రాశారు, కలెక్టరు కచేరీల అధికారులు రాశారు, మిషనరీలు రాశారు, విదేశీ పరిశోధకులు రాశారు, తెలుగు కథకులు రాశారు. పోలవరం నుంచి భద్రాచలం దాకా ఉన్న నీటిదారి వాటిలో ఉంది. పాపికొండలు, వెదురు తెప్పలు, మన ఊళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. ఆ తెప్ప కట్టిన చెయ్యి ఎవరిది, ఆ సుడిని ముందే పసిగట్టిన కన్ను ఎవరిది అన్న మాట మాత్రం వాటిలో చాలా తక్కువ.

మా హాస్టల్లో చదివే పిల్లల్లో గోదావరి, శబరి ఒడ్డు ఊళ్ళవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళకు తెడ్డు వేయడం వచ్చు, గడ వేయడం వచ్చు, ఏ నెలలో ఏ పాయ ఎండుతుందో తెలుసు. సైన్సు పరీక్షలో ఉత్ప్లవనం గురించి అడిగితే మాత్రం కలం ఆగిపోతుంది. తమకు తెలిసిందే పుస్తకంలో వేరే పేరుతో ఉందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ సంచికలో మన యువతకు రెండు చరిత్రలు కలిపి చెప్పాలనుకున్నాం. ఒకటి మన నది గురించి బయటివారు రాసిన పుస్తకాల చరిత్ర. రెండోది ఇంకా పుస్తకంగా మారని మన నేర్పు చరిత్ర.

నీరే దారి

రోడ్లు లేని రోజుల్లో ఈ కొండల నడుమ గోదావరే పెద్ద దారి. ఒడిశా వైపు నుంచి వచ్చే శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి దిగువకు వస్తే పాపికొండల ఇరుకు. ఆ ఇరుకు దాటితే దేవీపట్నం, పోలవరం, ఆ తరువాత రాజమండ్రి. ఎగువకు ఉప్పు, బట్టలు, ఇనుప సామాను వచ్చేవి. దిగువకు వెదురు, టేకు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు పోయేవి. సంత కూడా రేవును చూసుకునే వెలిసేది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. దిగువన డెల్టా కాలవల్లో తిరిగిన పెద్ద పడవలకు కావలసిన సరుకులో చాలా భాగం కొండదే. పలకలకు కలప అడవిలోది. గడ అడవి వెదురు. పలకల సందుల్లోంచి నీరు ఊరకుండా నూనెతో కాచి పూసే గుగ్గిలం చెట్టు బంక. పడవ రేవులో పుట్టిందని అందరూ అనుకుంటారు, దాని మొదలు మాత్రం కొండ మీద ఉంది. ఈ మాట పుస్తకాల్లో దొరకదు గాని, అడవిలో తిరిగిన పెద్దవాళ్ళను ఎవరినడిగినా చెబుతారు.

మరో సంగతి మన ఊళ్ళ రికార్డుల గురించి. చరిత్ర రాయాలనుకునే పిల్లలు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1860లో నిజాం నుంచి బ్రిటిషు వారికి వెళ్ళి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేవి. 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిశాయి. 1959లో భద్రాచలం డివిజన్ ఖమ్మం జిల్లాకు మారింది. 2014లో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. 2022లో కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. ఎదురుగా ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు వైపు పూర్వం నిజాం రాజ్యంలో పాల్వంచ సంస్థానం కింద ఉండేది, ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. ఊరు కదలలేదు, కాగితాలు మాత్రం కచేరీ నుంచి కచేరీకి తిరిగాయి. మన చరిత్ర ఒకచోట దొరకకపోవడానికి ఇదొక కారణం.

ఇంజనీరు పుస్తకం

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్‌కు గోదావరిని సాగునీటికే వదిలిపెట్టాలని లేదు. దాన్ని ఓడల దారిగా మార్చాలని కోరిక. నాగపూరు, బీరారు ప్రాంతాల పత్తిని గోదావరి మీదుగా సముద్రం దాకా తేవచ్చని ఆయన వాదన. ఆయన దగ్గర పనిచేసిన ఎఫ్.టి. హేగ్ అనే ఇంజనీరు నది ఎగువకు ప్రయాణం చేసి, గోదావరి మీద పడవలు ఎంతవరకు నడుస్తాయో 1856లో ఒక నివేదిక రాశాడు. మన ప్రాంతపు నీటిదారి గురించి వచ్చిన తొలి పెద్ద రాతల్లో అదొకటి.

ఆ ప్రణాళికలో అడ్డంకులుగా చూపినవి మూడు చోట్లు. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ఇంకా ఎగువన దేవల్‌మరి దగ్గర. ఈ మూడు చోట్లా నదిలో బండరాళ్ళు పరచుకుని, నీరు వాటి మీదుగా దూకుతూ పోతుంది. అక్కడ ఆనకట్ట కట్టి, పక్కనే కాలవ తవ్వి, లాకుల ద్వారా పడవను పైకి ఎక్కించాలని పథకం. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరగడంతో ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువై, ఈ పథకానికి ఇంకా తొందర వచ్చింది. జ్వరాలకు పనివాళ్ళు నిలవలేదు, ఖర్చు పెరిగింది, రైలు దారులు వచ్చాయి. 1871లో పని ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట, కాలవ మాత్రం ఆనాటి గుర్తులుగా మిగిలాయి.

హేగ్ లాంటి వారి రాతల్లో నది అంటే లోతు, వాలు, రాయి, ఖర్చు. ఆ లెక్కలు ఈనాటికీ పనికొస్తాయి. అయితే కొత్త మనిషి ఆ నదిలో ఎలా తిరగగలిగాడు? రాయి ఎక్కడుందో, ఏ పాయలో పడవ పడుతుందో చూపించినవాళ్ళు ఒడ్డు మీది ఊళ్ళవాళ్ళే అయి ఉండాలి. నివేదికలు రాసేవారు అటువంటి వారి పేర్లు రాసే అలవాటు ఆ కాలంలో లేదు.

నీటిదారి మీద ఆశ మాత్రం చావలేదు. 2008లో భారత ప్రభుత్వం నాలుగో జాతీయ జలమార్గాన్ని ప్రకటించింది. అందులో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్ల గోదావరి ఉంది. అంటే మన పెద్దలు గడ వేసిన దారికి ఇప్పుడు చట్టంలో కూడా ఒక పేరు ఉంది.

మిషనరీ, గెజిటీరు

దుమ్ముగూడెంలో పని జరిగిన రోజుల్లోనే అక్కడ ఒక క్రైస్తవ మిషన్ మొదలైంది. తరువాత అక్కడ చాలా ఏళ్ళు ఉన్న రెవరెండ్ జాన్ కేన్, భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, కోయల ఆచారాల గురించి, భాష గురించి 1876 నుంచి ఇండియన్ యాంటిక్వరీ అనే పత్రికలో రాశాడు. కోయ మాటలు అచ్చులో కనిపించిన తొలి చోట్లలో అదొకటి. ఆయన చూపు ఆయన మతానిది, ఆ కాలానిది. కొన్ని మాటలు చదివితే మనకు నచ్చవు. అయినా చదవాలి, ఎందుకంటే నూట యాభై ఏళ్ళ కిందటి ఊళ్ళ సంగతులు అందులో ఉన్నాయి.

20వ శతాబ్దం మొదట్లో ఎఫ్.ఆర్. హెమింగ్వే అనే అధికారి గోదావరి జిల్లా గెజిటీరు తయారు చేశాడు. పంటలు, అడవులు, పన్నులు, నదులు, కాలవలు, పడవల రాకపోకలు, 1879 రంప పితూరీ అన్నీ అందులో ఉన్నాయి. కల్లు మీద వేసిన చిగురు పన్ను, మన్సబుదారు జులుం ఆ పితూరీకి కారణాలని ప్రభుత్వపు పుస్తకాలే ఒప్పుకున్నాయి. పితూరీ రేకపల్లి వైపు కూడా పాకింది. అక్కడ 1874 తరువాత పోడు మీద భారం పెరగడం ఒక కారణం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక, తెప్ప కట్టుకునే వెదురుకు కూడా ఒకరి అనుమతి కావలసిన రోజులు వచ్చాయి. నది మీది బతుకును అడవి చట్టం నుంచి విడదీసి చూస్తే మన చరిత్ర అర్థం కాదు.

అడవిదున్నల కొండల పుస్తకం

మనందరం తప్పక తెలుసుకోవలసిన పుస్తకం 1945లో వచ్చింది. పేరు ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’. బైసన్ అంటే అడవిదున్న. పాపికొండలను ఇంగ్లీషువారు అడవిదున్నల కొండలు అని పిలిచేవారు. రాసినవాడు ఆస్ట్రియా దేశస్థుడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. రెండో ప్రపంచ యుద్ధం కాలంలో నిజాం రాజ్యంలో ఉండి, భార్య ఎలిజబెత్‌తో కలిసి చెంచుల మధ్య, తరువాత కొండరెడ్ల మధ్య, ఆ తరువాత ఆదిలాబాదు గోండుల మధ్య పనిచేశాడు. మూడు తెగల మీదా మూడు పుస్తకాలు రాశాడు.

కొండరెడ్ల పుస్తకంలో మనకు రెండు రకాల ఊళ్ళు కనిపిస్తాయి. కొండ మీద పోడు చేసుకునే ఊళ్ళు, గోదావరి ఒడ్డున వెదురు కూపుల్లో పని చేసే ఊళ్ళు. ఒడ్డు ఊళ్ళలో వ్యాపారి అప్పు ఇస్తాడు, కూపులో పని చేయించుకుంటాడు, లెక్క తన పుస్తకంలో తానే రాసుకుంటాడు. చదువు రాని మనిషికి ఆ అప్పు ఎప్పుడు తీరుతుందో తెలియదు. ఈ దోపిడీని హైమెన్‌డార్ఫ్ కళ్ళారా చూసి దాచకుండా రాశాడు. అందుకు ఆయనకు మనం రుణపడి ఉన్నాం.

ఆ బతుకులో రెండు పుస్తకాలు ఉన్నాయని గమనించండి. ఒకటి పరిశోధకుడి పుస్తకం, ఇంకొకటి వ్యాపారి లెక్కల పుస్తకం. రెంటిలోనూ మన వాళ్ళు ఉన్నారు. రెంటినీ చదవగలిగిన మనిషి ఆనాడు ఆ ఊళ్ళలో లేడు. ఈ రోజు మా హాస్టల్లో చదివే కొండరెడ్డి అమ్మాయి రెండూ చదవగలదు. ఎనభై ఏళ్ళలో జరిగిన ఈ మార్పు చిన్నది కాదు.

కథల్లో, తెర మీద

తెలుగు కథల్లో గోదావరి పడవ లేని కాలం లేదు. బి.వి.ఎస్. రామారావు ‘గోదావరి కథలు’, వంశీ ‘మా దిగువ గోదారి కథలు’ చదివితే రేవులు, సరంగులు, లాంచీ ప్రయాణాలు మనుషుల మాటతీరుతో సహా ముందుకొస్తాయి. 1964లో వచ్చిన ‘మూగమనసులు’లో కథానాయకుడు పడవ నడిపేవాడు. 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’, 2006లో శేఖర్ కమ్ముల తీసిన ‘గోదావరి’ రెండూ భద్రాచలం దారిలో సాగే పడవ ప్రయాణాల కథలే. మనమూ వాటిని ఇష్టంగా చూశాం.

ఆ ప్రయాణాల్లో పాపికొండలు అందమైన దృశ్యం. పడవ కొండల మధ్య నుంచి పోతుంది, ప్రయాణికుల కథ నడుస్తుంది. ఒడ్డున నిలబడి చూస్తున్నవారి కథ అందులోకి రాదు. ఇది కథకుల మీద ఫిర్యాదు కాదు. ఎవరు ఎక్కడ కూర్చుంటే వాళ్ళకు అక్కడి నుంచే కనిపిస్తుంది. పడవలో కూర్చున్నవాడు పడవలోంచి రాశాడు. ఒడ్డు నుంచి రాయవలసింది ఒడ్డున ఉన్నవాళ్ళే.

ఇంకా అచ్చుకాని పాఠాలు

మన నేర్పును ఒక పాఠ్యపుస్తకంలా విడదీసి చూద్దాం. ఎంత సైన్సు ఉందో తెలుస్తుంది.

మొదటి పాఠం వెదురు తెప్ప. వెదురు ఎందుకు తేలుతుంది? లోపల డొల్ల, ప్రతి కణుపు దగ్గరా అడ్డుగోడ. ఒక కణుపు పగిలి నీరు చేరినా పక్క గదిలో గాలి అలాగే ఉంటుంది. పెద్ద ఓడల అడుగున గదులు గదులుగా గోడలు కట్టడంలో ఉన్న ఉపాయమూ ఇదే. బరువైన పచ్చి కలప నీటిలో మునుగుతుంది. దానికి రెండు పక్కలా వెదురు కట్టలు కడితే మొత్తం బరువుకు తగ్గ నీటిని తెప్ప పక్కకు నెట్టగలుగుతుంది, కలప తేలుతుంది. తరగతిలో ఆర్కిమెడిస్ సూత్రం అని చదివేది ఇదే. కట్టడానికి అడ్డతీగ నార వాడేవారు. నార నీటిలో తడిసినా పట్టు వదలదు.

రెండో పాఠం దోనె. ఒకే మానును తొలిచి చేసే పడవ ఇది. లావుగా, తిన్నగా, పగుళ్ళు లేని మానును ఎంచుకోవాలి. లోపల బాడిసతో చెక్కుతూ పోవాలి. అడుగు మరీ పలచన చేస్తే రాయికి పగులుతుంది, మరీ మందంగా వదిలితే బరువుకు నీటిలో దిగబడుతుంది. పక్కలు రెండూ ఒకే మందంలో లేకపోతే ఒకవైపు ఒరుగుతుంది. కొలబద్ద లేకుండా వేలితో తట్టి, చప్పుడు విని మందం చెప్పగల చేతులు మన ఊళ్ళలో ఉండేవి.

మూడో పాఠం నీటిని చదవడం. నది వంపు తిరిగిన చోట బయటి ఒడ్డు వైపు నీరు వడిగా పోయి లోతు చేస్తుంది, లోపలి ఒడ్డు వైపు నెమ్మదించి ఇసుక వేస్తుంది. అందుకే వంపులో ఎవరూ తిన్నె వైపు బరువు పడవను తీసుకుపోరు. పైన చిన్న చిన్న అలలు ఒకేచోట కదలకుండా ఉంటే కింద రాయో మేటో ఉందని గుర్తు. కొండ కొస నీటిలోకి పొడుచుకు వచ్చిన చోట దాని వెనక నీరు వెనక్కి తిరుగుతుంది, అక్కడే సుడి. ఎదురు ప్రయాణంలో ఒడ్డు వెంబడి నెమ్మది నీటిలో పోవాలి. అవతలి రేవుకు దాటాలంటే పడవ ముక్కు రేవుకు ఎగువకు పెట్టాలి. వడి పడవను కిందికి తోస్తుంది, రేవు దగ్గరికి వచ్చేసరికి లెక్క సరిపోతుంది. ఇది గణితంలో రెండు వేగాలను కలిపే లెక్క. పిల్లలు పదకొండో తరగతిలో చేస్తారు, తాతలు తెడ్డుతో చేశారు.

నాలుగో పాఠం వరద. వానాకాలం మొదట్లో ఎర్రనీరు వస్తే ఎగువన గట్టి వాన పడిందని అర్థం. గోదావరి ఉబ్బితే శబరి నీరు దిగడానికి తావుండదు, వెనక్కి ఎగదన్నుతుంది. శబరిలో వాన లేకపోయినా ఒడ్డు ఊళ్ళు మునుగుతాయి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. ఈ అంకెలు రేడియోలో, ఫోనులో వస్తాయి. ఏ అంకెకు మన ఊరి ఏ చెట్టు దాకా నీరు వస్తుందన్నది ఊరివాళ్ళకే తెలుసు. రెండూ కలిస్తేనే హెచ్చరిక పూర్తవుతుంది.

నది తీసుకున్న ప్రాణాలు

నీటి బతుకు గురించి రాస్తూ దుఃఖాన్ని పక్కన పెట్టలేం. 2018 మే 15న కొండమొదలు వైపు నుంచి వస్తున్న లాంచీ మంటూరు దగ్గర గాలివానకు మునిగింది. చనిపోయినవారిలో ఎక్కువమంది ఆదివాసులే. వానకు తలుపులు, కిటికీలు మూసి ఉండడంతో లోపలివాళ్ళు బయటికి రాలేకపోయారని ఆనాటి వార్తలు చెప్పాయి. 2019 సెప్టెంబరు 15న వరద నీటిలో వెళ్ళిన పర్యాటకుల బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. చాలామంది చనిపోయారు. ప్రాణాలతో బయటపడిన వారిలో ఎందరినో ఒడ్డు ఊళ్ళవాళ్ళు తమ చిన్న పడవలతో వెళ్ళి కాపాడారు. మునిగిన బోటును వెదకడానికి పెద్ద పెద్ద పరికరాలు వచ్చాయి. చివరకు అక్టోబరు 22న కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, తాళ్ళు, గజ ఈతగాళ్ళ సాయంతో దాన్ని పైకి తీసింది.

ఈ రెండు సంఘటనల నుంచి యువత తీసుకోవలసింది ఏమిటి? నీటిని చదవగలిగిన మనిషి మాటకు ఆ రోజు విలువ ఉండాలి. ఇప్పుడు పోవద్దు అని ఒడ్డు మనిషి అన్నప్పుడు వినే పద్ధతి ఉండాలి. అలాగే మన నేర్పు ఉంది కదా అని లైఫ్ జాకెట్టు వేసుకోకపోవడం గొప్ప కాదు. ఎంత ఈత వచ్చినా వరద నీటిలో బట్టలతో, చలితో, సుడితో పోరాడలేం. పాత నేర్పు, కొత్త రక్షణ రెండూ కావాలి. ఎక్కువ మందిని ఎక్కిస్తే దిగిపోవాలి. గాలి మొదలైతే ఒడ్డుకు పట్టించాలి. లాంచీ తలుపులు మూస్తుంటే అడగాలి.

నది మారుతోంది

ఇంత అవసరంగా ఇప్పుడు రాయమని ఎందుకు అంటున్నాం? నది మారుతోంది కాబట్టి. పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 150 అడుగులు, అంటే 45.72 మీటర్లు. కాఫర్ డ్యాం కట్టిన నాటి నుంచే ఎగువన దేవీపట్నం ఊళ్ళలో నీరు నిలవడం చూశాం. 2021 జూన్‌లో నది ప్రవాహాన్ని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. ప్రాజెక్టు మంచిచెడ్డలు, పరిహారం సంగతి ఈ సంచికలో వేరేవాళ్ళు మాట్లాడతారు. మేము చెప్పేది పడవ వైపు నుంచి.

పారే నది జలాశయం అయితే పైన చెప్పిన మూడో పాఠం మొత్తం మారిపోతుంది. వంపులో వడి ఉండదు, పాత సుడులు లోతున పడతాయి, ఇసుక తిన్నెలు మునిగిపోతాయి, రేవులు కొండ మీదికి జరుగుతాయి. ఊరు పునరావాస కాలనీకి మారితే నదికి, ఇంటికి మధ్య బస్సు ప్రయాణం వస్తుంది. అక్కడ పుట్టిన పిల్లకు తెడ్డు అంటే వంటింట్లో అన్నం తిప్పే తెడ్డే. ఒక తరం చాలు, మాటలు పోవడానికి. రేవు పేరు పోతుంది, సుడి పేరు పోతుంది, ఆ పేరు వెనక ఉన్న కథ పోతుంది.

పోయేదాన్ని ఆపడం అన్నిసార్లూ మన చేతిలో ఉండదు. రాసి ఉంచడం మన చేతిలో ఉంది. పైగా ఇది జ్ఞాపకాల కోసం మాత్రమే అనుకోవద్దు, బతుకుతెరువు కూడా. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. యంత్ర పడవలకు రిజిస్ట్రేషన్, తనిఖీ, రక్షణ సామగ్రి, నడిపేవారికి అర్హత పత్రం ఉండాలని అది చెబుతుంది. యంత్రం లేని నాటు పడవలను కూడా స్థానిక సంస్థల దగ్గర నమోదు చేయించుకునే ఏర్పాటు అందులో ఉంది. లోతట్టు జలమార్గాల్లో పడవలు నడిపేవారికి శిక్షణ ఇవ్వడానికి పాట్నాలో జాతీయ సంస్థ ఉంది. రేపు ఆ జలాశయం మీద పడవలు తిరిగితే వాటి చుక్కాని ఎవరి చేతిలో ఉండాలి? తరతరాలుగా ఆ నీటిని చూసినవారి పిల్లలు పత్రం లేక ఒడ్డున నిలబడి, పత్రం ఉన్న కొత్తవారు నడపడం న్యాయం కాదు. పదో తరగతి పాసైన మన పిల్లలు ఈ దారి గురించి తెలుసుకోవాలి, తల్లిదండ్రులు అడగాలి.

మన పుస్తకం ఇలా మొదలుపెడదాం

పుస్తకం అనగానే భయపడవలసిన పని లేదు. రెండు వందల పేజీల నోటు పుస్తకం, ఒక ఫోను ఉంటే చాలు. మా పిల్లలకు చెప్పినట్టే మీకూ చెబుతున్నాం.

మీ ఊరి రేవుల పేర్లు రాయండి. నదిలో రాళ్ళకు, సుడులకు, తిన్నెలకు, పాయలకు ఉన్న పేర్లు రాయండి. కోయ మాట అయితే తెలుగు లిపిలో పలికినట్టే రాయండి, పక్కన అర్థం రాయండి. తాతను, అవ్వను, పెదనాన్నను కూర్చోబెట్టి అడగండి. మొదట అనుమతి తీసుకోండి. గొంతు రికార్డు చేయండి. తెప్ప ఎలా కట్టారు, ఎన్ని రోజులు ప్రయాణం, రాత్రి ఎక్కడ ఆగేవారు, ఏం వండుకునేవారు, కూలి ఎంత ఇచ్చేవారు, ఎప్పుడు మోసపోయారు, ఎవరిని నది తీసుకుపోయింది, అన్నీ అడగండి. ఆడవాళ్ళను తప్పకుండా అడగండి. సంతకు పడవ దాటినది, వరదలో పిల్లలను ఎత్తుకుని కొండెక్కినది, చేపలు ఎండబెట్టినది వాళ్ళే. బయటివారు రాసిన పాత పుస్తకాల్లో వాళ్ళ గొంతు ఇంకా తక్కువ.

ఊళ్ళో పాత దోనె మిగిలి ఉంటే పొడవు, వెడల్పు, మందం కొలిచి బొమ్మ గీయండి, ఫొటో తీయండి. 1986లో, 2022లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో గోడ మీదో చెట్టు మీదో గుర్తు చూసి రాయండి. చెప్పిన పెద్దవారి పేరు, ఊరు, చెప్పిన తేదీ వారి అనుమతితో రాయండి. హేగ్ కాలంలో దారి చూపినవారికి దక్కని గౌరవం అది. ఒక కాపీ ఆ పెద్దవారి ఇంటికే ఇవ్వండి. ఒకటి బడికి, ఒకటి హాస్టలుకు, ఒకటి మన సంఘానికి ఇవ్వండి. భద్రాచలంలో, హైదరాబాదులో గిరిజన మ్యూజియాలు ఉన్నాయి, అక్కడికీ పంపవచ్చు.

మా హాస్టల్లో ఈ పని కిందటి వేసవి సెలవుల ముందు మొదలుపెట్టాం. పిల్లలు తిరిగి వచ్చేటప్పుడు తెచ్చిన నోటు పుస్తకాల్లో మాకు తెలియని మాటలు ఎన్నో ఉన్నాయి. ఒకే సుడికి ఈ ఒడ్డున ఒక పేరు, ఆ ఒడ్డున మరో పేరు. ఒక పిల్ల తన అవ్వ చెప్పిన వరద కథ నాలుగు పేజీలు రాసింది. అదే పిల్ల తెలుగు పరీక్షలో వ్యాసం అంటే పది వాక్యాలు దాటేది కాదు. తన దగ్గర చెప్పవలసింది ఉందని తెలిశాక కలం ఆగలేదు.

హేగ్, కేన్, హెమింగ్వే, హైమెన్‌డార్ఫ్ రాసిన పుస్తకాలు చదవండి. వాళ్ళు ఇచ్చింది తీసుకోండి, వదిలేసింది గుర్తించండి. వాళ్ళ పుస్తకాల పక్కన అలమరలో ఇంకా చోటు ఉంది. వచ్చే సంవత్సరం ఈ సంచికకు మీ ఊరి రేవు గురించి రెండు పేజీలు రాసి పంపండి. ఎవరు పంపినా మేము చదువుతాం, అక్షరాలు సరిదిద్దుతాం, మాటలు మాత్రం మీవే ఉంచుతాం.